పాత చెక్క మీద ఇంటి పేరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాతకాలపు రూపంలో ఉండే చెక్క పేరుపలకలను ఇంట్లోనే చేసుకోవడం గురించి గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం గోదావరి డెల్టా ఊళ్ల నుంచే వచ్చాయి. కారణం తెలియనిది కాదు. మండువా లోగిళ్లనూ పెంకుటిళ్లనూ విప్పి డాబాలు కట్టుకుంటున్న ఆ ఊళ్లలో ఏ పెరట్లో చూసినా పాత తలుపు రెక్కలు, గుమ్మాలు, వాసాలు పేర్చి కనిపిస్తాయి. వాటిని పొయ్యిలోకి పంపడానికి మనసొప్పనివారే మాకు ఉత్తరాలు రాస్తున్నారు. ముప్పై ఏళ్లుగా చెక్కతో పనిచేస్తున్న నాకు ఆ మనసు బాగా తెలుసు కనుక ఈ సంచికలో మొత్తం శీర్షికను ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారి మండువా ఇల్లు నిరుడు విప్పించాము. టేకు కిటికీ రెక్కలు రెండు, కొబ్బరి పలకలు కొన్ని దాచి ఉంచాను. కొత్తగా కోయించిన మామిడి చెక్క కూడా ఉంది. వీటితో కొత్త ఇంటికి పేరుపలక చేయాలని కోరిక. గొలుసుతో కొట్టి, సుత్తితో గుంటలు పెడితే కొత్త చెక్క పాతదిలా కనిపిస్తుందని విన్నాను. ఏ చెక్క మంచిది? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక గృహిణి, అమలాపురం

జవాబు: గొలుసునూ సుత్తినీ ప్రస్తుతానికి పక్కన ఉంచండి. పాత వస్తువు మీద దెబ్బలు ఉంటాయన్నది నిజమే గాని అవి ఎక్కడపడితే అక్కడ ఉండవు. మీ దగ్గర పాత గడప ఏదైనా మిగిలి ఉంటే దాన్ని ఒకసారి శ్రద్ధగా చూడండి. తరాల తరబడి కాళ్లు పడిన నడిమి భాగం పల్లంగా, నున్నగా అరిగి ఉంటుంది. రెండు చివరలా మాత్రం పసుపు కింద పాత రంగు పొరలు అలాగే నిలిచి ఉంటాయి. తలుపు మీద గొళ్లెం చుట్టూ చేతి జిడ్డుకు నల్లబడిన మచ్చ ఉంటుంది. కిటికీ రెక్క అడుగు అంచు వాన జల్లుకు నార తేలి బూడిదరంగుకు తిరిగినా, చూరు నీడన ఉన్న పై అంచులో రంగు ఇంకా మిగిలే ఉంటుంది. ప్రతి అరుగుదలకూ ఒక కారణం ఉంది: ఎండ, వాన, చెయ్యి, కాలు. మీరు మీ పలక మీద ఒక గీత పెట్టే ముందు, ఆ గీతను వీటిలో ఏది పెట్టి ఉండేదో మీకు మీరు చెప్పుకోగలగాలి. చెప్పుకోలేకపోతే ఆ గీత పెట్టకండి. గొలుసుతో కొట్టిన పలకను చూసినవారికి ఇంటి పేరు కంటే ముందు గొలుసే కనిపిస్తుంది.

వేలాడే పలకకు కాలి అరుగుదల ఉండదు. దానికి వయసు మొదట అడుగు అంచు నుంచి, రెండు పక్కల కోత ముఖాల (చారలకు అడ్డంగా కోసిన చివరల) నుంచి వస్తుంది, ఎందుకంటే చెక్క నీటిని పీల్చుకునేది ముఖ్యంగా ఆ కోత ముఖాల గుండానే. తరువాత మూలలు మొద్దుబారతాయి. మేకుల చుట్టూ నల్లని చారలు దిగుతాయి. పై అంచు, ముఖ్యంగా చూరు కింద ఉన్నప్పుడు, అన్నిటికంటె చివర పాతబడుతుంది. అందుచేత ఉప్పుకాగితం పట్టినా, రంగు గీకినా అడుగున ఎక్కువగా, పైన తక్కువగా ఉండాలి.

మీ మూడు చెక్కలలో టేకు రెక్కలకు చేయవలసిన పని అన్నిటికంటె తక్కువ. వాటికి చిత్రిక పట్టించకండి. అర మిల్లీమీటరు పొర లేచిపోయినా, అరవై డెబ్బై ఏళ్ల ఎండ తెచ్చిన రంగు పోయి కింద కొత్త టేకు పసుపుగా బయటపడుతుంది. పాత రంగు లేని రెక్కలైతే గోరువెచ్చని సబ్బునీటితో, కొబ్బరి పీచుతో కడిగి, నీడలో ఆరబెడితే చాలు. రంగు ఉన్నవైతే ముందు కింది మండపేట పాఠకురాలి జవాబు చదవండి. కొబ్బరి పలకలో గట్టితనమంతా మాను బయటి వైపున ఉంటుంది, లోపలి భాగం మెత్తన. అక్షరాలకు బయటి వైపు నుంచి కోసిన పలకనే ఎంచుకోండి. కొబ్బరికి ఏటేటా పడే వలయాలు ఉండవు కనుక ఇనుప బ్రష్ పట్టినప్పుడు మిగిలిన చెక్కలవలె పొడవైన చారలు తేలవు, చుక్కలు చుక్కలుగా గరుకు తేలుతుంది. ఆ గరుకు కోనసీమ ఇంటికి ఎంతో అందంగా ఉంటుందని నా అభిప్రాయం. దాన్ని దాచి టేకులా చూపించాలని ప్రయత్నించకండి.

మామిడి చెక్క తేలికగా పని చేయించుకుంటుంది గాని పుచ్చుకు తొందరగా లోనవుతుంది. లీటరు వేడినీటిలో 30 గ్రాముల వెలిగారం, 20 గ్రాముల బోరిక్ పొడి (బోరిక్ యాసిడ్) కరిగించి, చెక్కకు రెండు మూడు సార్లు ధారాళంగా పూసి, వారం రోజులు ఆరనివ్వండి. వానకు ఈ మందు కొట్టుకుపోతుంది కనుక బయట వేలాడే పలకకు పైన రంగో వార్నిషో తప్పనిసరి. పిల్లలకు అందకుండా ఉంచండి. ఆ తరువాత ఇనుప బ్రష్‌తో చారల వెంట మాత్రమే, అడ్డంగా ఎన్నడూ కాకుండా, గట్టిగా రుద్దితే మెత్తని భాగం లేచిపోయి గట్టి చారలు పైకి తేలుతాయి.

ఓపిక ఉన్నవారికి ఇంకొక మార్గం ఉంది, నాకు ఇష్టమైనది కూడా అదే. పలకను డాబా మీద ఎండా వానా నేరుగా పడేచోట ఇటుకల మీద ఎత్తి పెట్టి, రోహిణి కార్తె ఎండల నుంచి ఆశ్లేష వానల దాకా వదిలేయండి. సూర్యరశ్మి చెక్కలోని లిగ్నిన్ అనే బంధక పదార్థాన్ని పైపొరలో విరిచేస్తుంది, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన పీచు వెండి బూడిదరంగుకు తిరుగుతుంది. ఏ సీసాలోని రంగూ ఆ బూడిదరంగును సరిగ్గా తేలేదు. వారానికొకసారి పలకను తిప్పి వేస్తే వంకర పోదు.

ప్రశ్న: వెనిగర్‌లో స్టీలు పీచు నానబెట్టి పూస్తే చెక్క పాతబడుతుందని వీడియోలలో చూసి, పాత్రలు తోమే పీచును పది రోజులు నానబెట్టాను. మామిడి పలకకు పూస్తే తడి ఆరిపోయింది తప్ప రంగు మారలేదు. నా పొరపాటు ఎక్కడ?
ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: రెండు చోట్ల. మొదటిది, పాత్రలు తోమే పీచు చాలావరకు తుప్పు పట్టని ఉక్కుతో చేసినది. అది వెనిగర్‌లో కరగదు. తుప్పు పట్టే మామూలు ఇనుప మేకులు కావాలి, తళతళలాడే జింకు పూత మేకులు పనికిరావు. రెండవది, ఇనుప నీరు తనంతట తాను రంగు కాదు. చెక్కలోని వగరు పదార్థమైన టానిన్‌తో కలిసినప్పుడే అది నల్లబడుతుంది, మామిడిలో ఆ వగరు చాలా తక్కువ.

ఈ విద్య మనకు వీడియోల ద్వారా వచ్చినది కాదు. మన పక్కనే ఉన్న కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ పనివారు బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిమిని ఆ బట్ట మీద అచ్చు వేయగానే నలుపు తేలుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన పాతకాలపు నల్లసిరా కూడా ఇదే సూత్రం మీద నడిచింది. బట్టకూ కాగితానికీ చేసిన పనినే మీరు చెక్కకు చేస్తున్నారు, కరక్కాయను మాత్రం మరచిపోయారు.

గింజ తీసిన కరక్కాయ పెచ్చులు 50 గ్రాములు నలగ్గొట్టి అర లీటరు నీటిలో సగానికి మరిగించి, వడగట్టి, చల్లార్చి, చెక్కకు రెండు పూతలు వేసి ఒక రోజు ఆరనివ్వండి. కరక్కాయ దొరకకపోతే చిక్కని టీ డికాషన్ కొంతవరకు పనిచేస్తుంది. నల్లతుమ్మ బెరడు కషాయం ఇంకా బాగా పనిచేస్తుంది. ఇక గుప్పెడు మేకులను పావు లీటరు తెల్ల వెనిగర్‌లో గాజు సీసాలో వేసి వారం పది రోజులు ఉంచండి. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది కనుక సీసా మూత బిగించవద్దు, దీపానికీ పొయ్యికీ దూరంగా పెట్టండి. బట్టలో వడగట్టిన ఆ నీటిని కషాయం ఆరిన చెక్క మీద పలచగా పూస్తే కొద్ది నిమిషాలలోనే బూడిదరంగు, తరువాత నలుపు తేలుతుంది. తొందరపడి వెంటనే రెండవ పూత వేయకండి. గంట ఆగితే గాని అసలు రంగు తెలియదు. మరీ నలుపైతే తరువాతి పలకకు ఇనుప నీటిలో మంచినీరు కలిపి పలచన చేయండి. ముందుగా ప్రతిసారీ అదే చెక్క కోత ముక్క మీద పరీక్షించి చూడాలి. టేకుకూ నల్లతుమ్మకూ సొంత వగరు ఉంది కనుక కషాయం అక్కరలేదు. పలచని ఇనుప నీరే చాలు, నల్లతుమ్మ అయితే కాటుకలా మారుతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, వంట గిన్నెలు వాడకండి.

పాత పలకలలో మేకు చుట్టూ కనిపించే నల్లని చార కూడా ఇదే రసాయన చర్య. అది కావాలనుకుంటే ఇనుప మేకు దిగ్గొట్టి, దాని చుట్టూ నాలుగు రోజులు ఉప్పునీటితో తడుపుతూ ఉండండి. చార తానే దిగుతుంది.

ప్రశ్న: పాత పలకల మీద ఒక రంగు కింద మరొక రంగు కనిపిస్తుంది, కొన్నిటికి రంగు పగిలి ఉంటుంది. అలా చేయడం ఎలా?
ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: అడుగున జేగురు రంగు పూసి ఆరనిచ్చి, అరగాలనుకున్న అంచుల మీద కొవ్వొత్తితో గట్టిగా రుద్దండి. దాని మీద పైరంగు, డెల్టా ఇళ్లలో పాత తలుపులకు తరచు కనిపించే ఆకుపచ్చ గాని నీలం గాని, వేసి ఆరిన తరువాత మొద్దు కత్తితో గీకితే మైనం ఉన్నచోట పైరంగు పెళ్లలుగా లేచి జేగురు బయటపడుతుంది. పగుళ్ల కోసం ఆరిన అడుగు రంగు మీద ఫెవికాల్ పలచగా పూసి, అది ఇంకా జిగటగా ఉన్నప్పుడే నీటి ఆధారిత రంగును ఒకే ఊపులో పూయాలి; బ్రష్ వెనక్కు తిప్పితే పగుళ్లు రావు. నేను మాత్రం పగుళ్లను ఎక్కువగా వాడను. ఎండ పడని మూలలో కూడా రంగు పగిలి ఉంటే కన్ను నమ్మదు, పైగా బయటి పలకలో ప్రతి పగులూ నీటికి దారి.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిని. ‘లక్ష్మీ నిలయం’ అనే పలకకు కంప్యూటర్‌లో అక్షరాలు తీసి, వాటిని స్టెన్సిల్ అచ్చుగా కత్తిరించి రంగు వేశాను. చెక్క పాతదిలా ఉంది గాని అక్షరాలు నిన్నటివిలా ఉన్నాయి. పైగా ఒత్తులు పలక అంచుకు తగులుతున్నాయి. ఏం చేయాలి?
పాలకొల్లు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది ఇదే, ఎందుకంటే చెక్క గురించి ఇంత శ్రద్ధ తీసుకునేవారిలో చాలామంది అక్షరం దగ్గరకు వచ్చేసరికి తొందరపడతారు.

ముందు స్థలం సంగతి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు రెండు గీతల మధ్య ఒదిగిపోతాయి కనుక ఆ పలకల కొలతలను చూసి మనం పని మొదలుపెడితే తెలుగుకు చోటు చాలదు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద ఒత్తు, ‘క్ష్మీ’ వంటి చోట ఒత్తు కింద మరొక ఒత్తు. నేను పలక ఎత్తును ఆరు భాగాలు చేస్తాను: పైన ఖాళీ ఒక భాగం, గుడులకు ఒక భాగం, అక్షరపు ఒడలికి రెండు, ఒత్తులకు ఒకటిన్నర, అడుగున ఖాళీ అర భాగం. పన్నెండు అంగుళాల పలకలో అక్షరపు ఒడలు నాలుగు అంగుళాలు వస్తుంది. అడుగు ఖాళీ తక్కువగా ఉన్నట్టు కాగితం మీద అనిపించినా, ఒత్తులు అన్ని అక్షరాలకూ ఉండవు కనుక చూడటానికి పలక కిందవైపు తేలికగానే ఉంటుంది. సుద్ద పూసిన నూలుతాడును రెండు చివరలా బిగించి లాగి వదిలితే గీత పడుతుంది; గీతలు గీయకుండా అక్షరం మొదలుపెట్టకండి.

ఇక అక్షరాలు నిన్నటివిలా ఉండటానికి కారణం మీ పలకలోనే ఉంది. ‘లక్ష్మీ’లోని ‘ల’, ‘నిలయం’లోని ‘ల’ అచ్చుగుద్దినట్టు ఒక్కటే. చేత్తో రాసిన పలకలో అవి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, ఒక్కటిగా ఉండవు. కంప్యూటర్ అక్షరాలను కొలతకు, ఎడానికి మాత్రమే ఆధారంగా తీసుకోండి. కాగితం వెనుక మెత్తని పెన్సిల్ గాని బొగ్గు గాని రుద్ది, ముందు నుంచి గీస్తే చెక్క మీద సన్నని రూపురేఖ పడుతుంది. దాని మీద కత్తిరించిన అచ్చు పెట్టకుండా, పొడవు కుచ్చు ఉన్న బ్రష్‌తో చేత్తోనే రాయండి. గీత మొదలైనచోట బ్రష్ నొక్కుకు కొంచెం లావు, వదిలినచోట సన్నం రావాలి. అచ్చు కత్తిరించడంలో తెలుగుకు ఇంకొక చిక్కు ఉంది: సున్న నడిమి ముక్క, ‘థ’ లోపలి చుక్క నిలబడటానికి వంతెనలు వదలాలి, ఆ వంతెనలే గోనె సంచుల మీద ముద్రను గుర్తుకు తెస్తాయి.

తెలుగు ఉపాధ్యాయులు గనుక ఈ మాట మీకు నచ్చుతుందనుకుంటున్నాను. పాత రూపం కోసం పాత లిపి సంప్రదాయాలను వాడవచ్చు, అయితే సరిగ్గా వాడాలి. ‘సూర్య’ వంటి మాటలో ‘ర’కారాన్ని ‘య’కారానికి కుడిపక్కన వలపలగిలకగా రాయడం పాత రాతలో, పాత అచ్చులో ఉన్న పద్ధతి; పలక మీద అది ఎంతో నిండుగా ఉంటుంది. ఇంటి నంబరును తెలుగు అంకెలలో ౧, ౨, ౩ అని రాయవచ్చు, పోస్టు తెచ్చే మనిషి కోసం పక్కన మామూలు అంకెలు కూడా ఉంచాలి. బండి ‘ఱ’ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘చెఱువు’, ‘ఏఱు’, ‘గుఱ్ఱము’ మాటలలో అది న్యాయంగా ఉన్నది. ‘ఊరు’లో, ‘పేరు’లో ఉన్నది మామూలు ‘ర’. పాతగా కనిపించాలని ‘మా ఊఱు’ అని రాసిన పలకలను నేను చూశాను. చదువుకున్న పెద్దలు దాన్ని చూసి బాధపడతారు, వారి బాధ న్యాయమైనదే.

అక్షరాల రంగు స్వచ్ఛమైన తెలుపు కాకుండా, తెలుపులో చిటికెడు పసుపుమన్ను కలిపినదై ఉండాలి. పూర్తిగా ఆరిన తరువాత సన్న ఉప్పుకాగితంతో చారల వెంట ఒకటి రెండు సార్లు తేలికగా రుద్దితే పైకి తేలిన చారల మీద రంగు పోయి పల్లాలలో నిలుస్తుంది. పేరు చదవడానికి కష్టమయ్యేదాకా రుద్దవద్దు.

ఇంకొక మాట. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు చేత్తో రాసిన పెయింటర్లు మన పట్టణాలలో ఇంకా ఉన్నారు. మీ ఊళ్లో అటువంటి పెద్దాయన ఉంటే ఆయన దగ్గరకు పలక తీసుకువెళ్లి, కూలి ఇచ్చి అక్షరాలు రాయించుకోండి, పక్కన కూర్చుని చూడండి. ఆ ఒక్క పూట ఇచ్చినంత చదువు నా జవాబు ఇవ్వలేదు.

ప్రశ్న: నిరుడు చేసిన పలకకు నిగనిగలాడాలని కొబ్బరినూనె రాశాను, వర్షాకాలంలో బూజు పట్టింది. కడిగి ఫ్రెంచ్ పాలిష్ వేయిస్తే తెల్లని మచ్చలు వచ్చాయి. మేకులు కూడా తుప్పు పట్టి పలక ఊడింది. మా ఇల్లు సముద్రానికి దగ్గర.
ఒక పాఠకురాలు, నరసాపురం ప్రాంతం

జవాబు: కొబ్బరినూనె గాలికి గట్టిపడే నూనె కాదు. ఎన్నాళ్లైనా జిడ్డుగానే ఉండి దుమ్మునూ బూజునూ పట్టుకుంటుంది, వాసన కూడా మారుతుంది. చేతికి అందే నూనె కనుక డెల్టాలో ఈ పొరపాటు చాలామంది చేస్తారు; నా తొలి పలకకు నేనూ అదే రాసి పోగొట్టుకున్నాను. గాలికి గట్టిపడేది అవిసె నూనె. అయితే అది కూడా బయట తేమలో బూజుకు చోటిస్తుంది కనుక ఇంటి లోపలి పలకలకే ఉంచండి: టర్పెంటైన్‌తో సగం సగం పలచన చేసి పూసి, పావుగంట తరువాత మిగులును పూర్తిగా తుడిచి, రెండు రోజుల ఎడంతో మూడు పూతలు. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలోని వేడి బయటికి పోలేక గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. గుడ్డలను తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

ఫ్రెంచ్ పాలిష్ అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించినది. తేమ గాలిలో పూస్తే స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పొరలో నీటి చెమ్మ చిక్కుకుని తెల్లబడుతుంది. ఎండగా, పొడిగా ఉన్న రోజున, గుడ్డను స్పిరిట్‌తో కొద్దిగా తడిపి మచ్చల మీద తేలికగా తుడిస్తే చాలావరకు పోతాయి. బయటి పలకకు మాత్రం బయటి వాడకానికి తయారుచేసిన, మెరుపు లేని వార్నిష్ రెండు పూతలు, కోత ముఖాలకు మూడు పూతలు వేయండి. మెరుపు వార్నిష్ పాత రూపాన్ని ఒక్క పూతతో చెరిపేస్తుంది. మంచి టేకు అయితే అసలు ఏ పూతా లేకుండా వదిలేయవచ్చు.

బరువు మోసే చోట ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ఇత్తడి మరలు వాడండి. మేకు చార కావాలంటే అలంకారానికి వేరే ఇనుప మేకులు కొట్టుకోండి. రెండు మూడు పలకలను జోడించినప్పుడు వెనుక అడ్డుపట్టీలకు మర రంధ్రాలను అడ్డంగా కొంచెం సాగదీసి కోయాలి, ఎందుకంటే చెక్క తేమకు పొడవు వైపు దాదాపు పెరగదు, వెడల్పు వైపు పెరుగుతుంది. కదలడానికి చోటు లేకపోతే చీలుతుంది. గోడకూ పలకకూ మధ్య అర అంగుళం గాలి ఆడనివ్వండి.

ప్రశ్న: తాతగారి కాలం నాటి ఆకుపచ్చ తలుపు రెక్కను గీకి పలక చేయాలనుకుంటున్నాను. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ప్రమాదం ఏమైనా ఉందా?
ఒక తల్లి, మండపేట

జవాబు: ఉంది, దయచేసి ఇది శ్రద్ధగా చదవండి. పాతకాలపు రంగులలో సీసం కలిసి ఉండేది. ఇళ్లకు వాడే రంగులలో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నియమాలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందటి తలుపు అంటే సీసం ఉన్నట్టే భావించి పని చేయాలి. పొడి ఉప్పుకాగితం పట్టినా, మంటతో రంగు కాల్చినా ఆ ధూళి, పొగ పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తాయి. అసలు గీకకపోవడమే ఉత్తమం: లేచిన పెళ్లలను మాత్రం తడిపి తీసి, మిగిలిన పాత రంగును అలాగే ఉంచి, పైన వార్నిష్ పూతతో మూసేసి, పాపకు అందని ఎత్తున తగిలించండి. గీకక తప్పకపోతే పాప లేని చోట, నీటితో తడుపుతూ, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి పని చేసి, ఆ చెత్తను సంచిలో కట్టేయండి. పెరట్లో, మొక్కల మొదట్లో పోయవద్దు. పని బట్టలను విడిగా ఉతకండి. ఈ జాగ్రత్తలన్నీ చేయగలమా అన్న సందేహం ఉంటే ఆ తలుపును వదిలి మరొక చెక్క తీసుకోవడం మంచిది.

ప్రశ్న: పాత నాటుపడవ పలకల మీద రంగు నిలవడం లేదు.
తాళ్లరేవు

జవాబు: పడవ చెక్కలో రెండు ఉంటాయి, ఉప్పు, నూనె. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది కనుక పలకను మంచినీటి తొట్టిలో వారం రోజులు, రోజూ నీరు మారుస్తూ నానబెట్టి, నీడలో నెల రోజులు ఆరనివ్వండి. జీడిపిక్కల నూనె పూసిన పలక అయితే పాత పూత తగిలినా కొందరికి చర్మం పొక్కుతుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి. వాషింగ్ సోడా నీటితో రుద్ది కడిగి ఆరిన తరువాత లక్క పాలిష్ ఒక పూత వేస్తే అది నూనెకూ రంగుకూ మధ్య తెరలా నిలుస్తుంది. ఉప్పునీటి పురుగు తొలిచిన రంధ్రాలను లప్పంతో పూడ్చవద్దు. ఆ చెక్క మీద అవే అన్నిటికంటె నిజమైన గుర్తులు.

ప్రశ్న: కాకినాడ రేవుకు వచ్చే సరుకు కింద పెట్టే చెక్క పళ్లేలు (ప్యాలెట్లు) చవకగా దొరుకుతున్నాయి. రైలు పట్టాల కింది పాత చెక్క దిమ్మెలు కూడా. వాడవచ్చునా?
కాకినాడ

జవాబు: విదేశీ సరుకుతో వచ్చే పళ్లేల మీద కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టీ. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడవచ్చు, ఎం.బీ. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, వద్దు. ముద్ర లేనిదాన్నీ, నూనె గాని రసాయనం గాని ఒలికిన మచ్చలు ఉన్నదాన్నీ వదిలేయండి. రైలు దిమ్మెలకు క్రియోసోట్ అనే తారు నూనె పట్టించి ఉంటారు. అది చర్మానికీ ఊపిరికీ హానికరం, ఇంట్లోకి తేవద్దు.

ప్రశ్న: నేను చేసిన పలకలు బాగున్నాయని చుట్టుపక్కల రిసార్టులవారు అడుగుతున్నారు. పలక మూలన ‘1911’ అని వేస్తే ధర ఎక్కువ వస్తుందని ఒక మిత్రుడు చెప్పాడు. వేయవచ్చునా?
రామచంద్రపురం

జవాబు: వేయవద్దు. పాత రూపం చేయడం ఒక కళ, పాతదని చెప్పి అమ్మడం మోసం. మీ పని బాగుంటే రెండవది అక్కరలేదు. పలక వెనుక మీ పేరు, ఊరు, చేసిన సంవత్సరం, చెక్క ఏ ఇంటిదో ఏ పడవదో రాయండి. కొనేవారిలో చాలామంది ఆ వెనుకవైపు చదివే కొంటారు, ఇది నా అనుభవం. ఇంకొక సంగతి కూడా తెలుసుకోండి: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళావస్తువులు పురావస్తువులు అవుతాయి, వాటిని విదేశాలకు పంపడం నిషేధం. చెక్కడం పని ఉన్న నిజమైన పాత ద్వారబంధం మీ చేతికి వస్తే దాన్ని కోసి పలకలు చేయకండి. మామిడి చెక్క ఎంతైనా దొరుకుతుంది.

ప్రశ్న: మా తాతగారి బట్టల దుకాణం బోర్డు అటక మీద దొరికింది. అక్షరాలు దాదాపు చెరిగిపోయాయి. రంగు వేసి మళ్లీ తగిలించాలా, లేక పాతగా కనిపించే కొత్తది చేయించాలా?
ద్రాక్షారామం

జవాబు: పాతదాని మీద చుక్క రంగు కూడా వేయకండి. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, నీళ్లు పెట్టవద్దు. రాత్రివేళ గదిలో దీపాలు ఆర్పి, టార్చి లైటును పలక పక్కన, ముఖానికి సమానంగా పట్టుకుని చూడండి. రంగు పూర్తిగా పోయినచోట కూడా అక్షరం కనిపిస్తుంది. దుకాణం ముందు ఉన్నన్నాళ్లు రంగు కింద ఉన్న చెక్కను ఆ రంగు ఎండ నుంచి కాపాడింది, చుట్టూ ఉన్న చెక్క అరిగి పల్లమైంది, అందువల్ల తాతగారి దుకాణం పేరు ఇప్పుడు వెంట్రుకవాసి ఎత్తులో నిలిచి ఉంటుంది. పలక మీద పలచని కాగితం పరిచి, పెన్సిల్ సీసాన్ని పక్కవాటుగా పట్టి తేలికగా రుద్దితే ఆ ఎత్తు కాగితం మీదికి దిగుతుంది. పెళుసుగా ఉన్న రంగు పెళ్లలు ఉన్నచోట మాత్రం రుద్దకుండా ఫోటో తీసుకోండి.

ఆ కాగితమే మీ కొత్త పలకకు మూలం. పైన పాలకొల్లు ఉపాధ్యాయుడికి చెప్పినట్టు చేత్తో రాసి, కొత్తది దుకాణం ముందో ఇంటి ముందో తగిలించి, పాతదాన్ని వాన జల్లు, నేరు ఎండ పడని లోపలి గోడకు పెట్టండి. రుద్ది తీసిన కాగితాన్ని మడవకుండా చుట్టి, తేదీ వేసి, పాత పలకతోపాటే భద్రపరచండి.